జోడేఘాట్ గుట్ట మీద అర్జీ

తెలంగాణ రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

రాం రాం. జోడేఘాట్ వెళ్లినవాళ్లను అక్కడి పెద్దలు పలకరించే మాట ఇదే కనుక నేనూ దీనితోనే మొదలుపెడుతున్నాను.

నేను మంచిర్యాల వైపు మనిషిని. గోండును కాను, కోలాంను కాను. నిజాం పాలనపై పోరాడిన గోండు నాయకుడు కుమురం భీం పేరు వింటూ పెరిగినవాణ్ని, కెరమెరి ఘాట్ల మీదుగా ఆ గుట్టకు వెళ్తూ వస్తూ ఉండేవాణ్ని. మీకు నేరుగా రాసి పోస్టులో వేయవచ్చు. అలా చేయకుండా అందరి ముందూ రాయడానికి కారణం ఉంది. ఈ విన్నపంలో మీరు చేయవలసిన పనితో పాటు ఆ గుట్ట ఎక్కే మాలాంటి మైదానం మనుషులు చేయవలసింది కూడా ఉంది. వాళ్లూ వినాలని నా ఆశ.

విషయం ముందే చెప్పేస్తాను. జోడేఘాట్ స్మారకాన్ని చూసుకునే బాధ్యతను, అక్కడ భీం కథ చెప్పే హక్కును తనవాళ్లకు కావాలని ఆయన అడిగిన పన్నెండు ఊళ్ల చేతికి ఇవ్వండి. వర్ధంతి నాడు ఆ గుట్ట మీద పెట్టే దర్బారులో వచ్చిన ప్రతి అర్జీకీ ఏం జవాబిచ్చారో, మరుసటి ఏడు అదే గుట్ట మీద పేరు పేరునా చదివి వినిపించండి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే మిగతా ఉత్తరమంతా.

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోయే రోడ్డు మీద కెరమెరి దాటి, హట్టి దగ్గర పక్కకు తిరిగితే దారి గుట్టల్లోకి ఎక్కుతుంది. టేకు, ఇప్ప, తునికి చెట్ల నడుమ పోతుంది. ఆశ్వయుజంలో వెళితే పత్తి చేలు తెల్లబడుతూ ఉంటాయి, జొన్న కంకి వేస్తుంది. ఎక్కడ చూసినా సీతాఫలాలు. ఈ కొండల్లోనే ఆ పన్నెండు ఊళ్లున్నాయి: జోడేఘాట్, పట్నాపూర్, బాబెఝరి, టోకెన్‌మోవాడ్, శివగూడ, మురికిలొంక, ఇంకా మరికొన్ని. చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా చదివి వదిలేసే పేర్లు అక్కడ ఊళ్లుగా ఎదురవుతాయి. పొయ్యిలు వెలుగుతుంటాయి, ఎడ్లు ఇంటికి మళ్లుతుంటాయి, పిల్లలు బడి నుంచి వస్తుంటారు. భీం ఏమడిగాడో అర్థం కావాలంటే విగ్రహం దగ్గరికి వెళ్లే ముందు ఈ ఊళ్లు చూడాలి. ఆయన అడిగింది ఈ ఊళ్లనే.

పైకి చేరాక తుపాకీ పట్టిన భీం విగ్రహం, స్మారకం, మ్యూజియం ఉన్నాయి. 2014లో అప్పటి ముఖ్యమంత్రి వర్ధంతికి వచ్చి 25 కోట్ల రూపాయలతో ఇక్కడ స్మారకం కట్టిస్తామని ప్రకటించారు. రెండేళ్లలో కట్టడం లేచింది. అదే 2016లో కొత్త జిల్లాకు భీం పేరు పెట్టారు. ఆడ గ్రామం దగ్గర పెద్దవాగు మీది ప్రాజెక్టుదీ ఆయన పేరే. హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం నిలబడి ఉంది. ఇవన్నీ మంచి పనులే. ఒకప్పుడు పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాలకు కూడా నోచుకోని మనిషికి దక్కిన గౌరవాలు. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆయన అడిగిన వాటిలో విగ్రహం లేదు, జిల్లా పేరూ లేదు. ఏం అడిగాడో, ఎన్నిసార్లు అడిగాడో గుర్తు చేయనివ్వండి.

ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో హైదరాబాద్ రాజ్యం అడవులకు హద్దులు గీసింది. గోండు రైతు ఒక నేలను కొన్నేళ్లు దున్ని, అలసిన నేలను బీడు పెట్టి పక్క నేలకు పోయేవాడు. మళ్లీ తిరిగి వచ్చేవాడు. ఆ బీడు గోండు దృష్టిలో విశ్రాంతి తీసుకుంటున్న తన చేను. సర్కారు లెక్కలో ఖాళీ జాగా. కొన్ని బీళ్లను రిజర్వు అడవిలో కలిపేశారు. కొన్నింటికి బయటి నుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకున్నారు. కోలాంలు గుట్టల వాలు మీద పోడు కొట్టుకుని బతికేవాళ్లు, వాళ్లకు ఆ వాలు మీదా చోటు లేకుండా పోయింది. పశువుల మేతకు పన్ను, వంటచెరకుకు పన్ను. కాగితం ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్లదే అయిన ఆ రోజుల్లో చదువు రాని రైతు తరతరాల చేనులో రాత్రికి రాత్రి ఆక్రమణదారు అయ్యాడు.

భీం కథ అక్కడి నుంచే మొదలవుతుంది. 1901లో సంకేపల్లిలో పుట్టాడని అంటారు. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరింది. కష్టపడి పండించిన పంటను, దున్నిన చేనును తనదేనంటూ ఒకడు వచ్చాడు. గొడవలో ఆ మనిషి చనిపోయాడు. భీం ఊరు విడిచి చాందా వైపు పోయి, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లాడు. చదవడం రాయడం ఆ తిరుగుళ్లలోనే నేర్చుకున్నాడని చెప్పుకుంటారు. ఈ వివరానికి నేను చాలా విలువ ఇస్తాను. తిరిగి వచ్చిన భీం చేతికి తుపాకీ రాకముందే కలం వచ్చింది. తన వాళ్ల భూమి కేసుల వెంట కచేరీల చుట్టూ తిరిగాడు, కాగితాలు చదివాడు, రాయించాడు. పన్నెండు ఊళ్లలో అడవి నరికి సాగు చేసుకున్నవాళ్ల తరఫున అడిగాడు. అధికారులు వచ్చి కొందరికి పట్టాలిస్తాం, ఉద్యమం మానమన్నారట. నలుగురైదుగురికి పట్టాలు చాలవు, మా ఊళ్ల మీద అధికారం మాకే కావాలన్నాడట. నిజాంను కలిసి చెప్పుకుందామని హైదరాబాద్ వరకు వెళ్లాడని, దర్శనం దొరకక తిరిగి వచ్చాడని ఆ ఊళ్లలో ఇప్పటికీ చెబుతారు. జల్, జంగల్, జమీన్ అన్న నినాదం అందరికీ తెలుసు. దాని వెనుక ఇన్ని అర్జీలున్నాయని తెలిసినవాళ్లు తక్కువ.

1940లో జోడేఘాట్ గుట్టల్లో కాల్పులు జరిగాయి. భీం, ఆయనతో ఉన్నవాళ్లలో చాలామంది చనిపోయారు. గోండులు ఆ రోజును ఆశ్వయుజ పౌర్ణమిగా గుర్తుపెట్టుకున్నారు. ఈ నాటికీ వర్ధంతి తిథి ప్రకారమే, వాళ్ల పద్ధతి ప్రకారమే జరుగుతుంది. పుస్తకాల్లో తేదీల మీద ఎంత వాదన ఉన్నా ఆ తిథి మీద ఆ కొండల్లో వాదన లేదు.

మంత్రి గారూ, ఆ తర్వాత జరిగింది చూడండి. కాల్పులు అయ్యాకే ప్రభుత్వానికి అసలు ఎందుకు జరిగిందో తెలుసుకోవాలనిపించింది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ని గోండుల స్థితిగతుల అధ్యయనానికి పంపింది. ఆయన ఆస్ట్రియాలో పుట్టినవాడు. జర్మన్ పాస్‌పోర్టు ఉండటం వల్ల రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదన్న ఆంక్ష ఆయన మీద ఉండేది. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గోండుల నడుమ కాపురం పెట్టి, వాళ్ల భాష నేర్చుకుని, ఊరూరూ తిరిగి విన్నాడు. తర్వాత 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పుస్తకంగా వచ్చిన నివేదికల్లో భూమి పోవడం, అడవి పోవడమే ఈ కష్టానికి మూలమని రాశాడు. అంటే భీం చెప్పిందే రాశాడు. భీం నోట విననిది హైమెండార్ఫ్ కలం నుంచి వచ్చాక సర్కారు విన్నది. వేలాది ఎకరాలకు గోండులకు, కోలాంలకు పట్టాలు దక్కాయి. 1943లో మార్లవాయిలో గోండి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని అర్జీలు తీసుకునే దర్బారు కూడా ఆ కాలపు ఆలోచనే. హైమెండార్ఫ్ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, గోండులు వాటిని ఎంతో ప్రేమగా చూసుకుంటారు. ఆ ప్రేమకు కారణం వెతకనక్కర్లేదు. అడగడానికి వచ్చి, విని, విన్నది రాసిన మనుషులు వాళ్లు.

మీ శాఖ పుట్టుకకు ఒక మూలం ఇక్కడ ఉంది. ఐటీడీఏలు, గిరిజన భూముల చట్టాలు, 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ, అన్నింటి వెనుకా ఈ గుట్ట మీద పడిన శవాల జ్ఞాపకం ఉంది. అందుకే జోడేఘాట్‌ను పర్యాటక స్థలాల జాబితాలో ఒకటిగా చూడటం నాకు కష్టంగా ఉంటుంది. అది మీ శాఖకు కన్నతల్లి ఊరు.

ఇప్పుడు కథ చెప్పే హక్కు సంగతి. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమా తర్వాత భీం పేరు దేశం దాటింది. ఆ సినిమా కల్పన. 1924లో మరణించిన అల్లూరి సీతారామరాజుతో భీంకు స్నేహం కల్పించిన కథ అది. కథకులు ఆ మాట దాచుకోలేదు. సినిమా చూసిన పిల్లలు భీంను వెతుక్కుంటూ వస్తే సంతోషించాలి. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది ముఖ్యం కాదు, గుట్ట దిగేటప్పుడు ఏం తీసుకుపోతున్నారన్నదే ముఖ్యం. విగ్రహం పక్కన ఫొటో దిగి వెళ్లిపోతే వాళ్ల తలలో బలవంతుడైన ఒక వీరుడు మిగులుతాడు. ఆ పక్కనే బాబెఝరి యువకుడో, శివగూడ అమ్మాయో నిలబడి, ఇదిగో ఈ వాలు మీద మా ముత్తాత పోడు కొట్టాడు, అదిగో అక్కడిదాకా రిజర్వు హద్దు వేశారు, ఈ బీడు కోసం మా వాళ్లు ఇన్నిసార్లు ఆసిఫాబాద్ వెళ్లారు అని చెబితే? ఆ పిల్లలకు భీం అర్జీ రాసిన మనిషిగా అర్థమవుతాడు.

అందుకే మొదటి కోరిక. పన్నెండు ఊళ్ల నుంచి చదువుకున్న యువతీ యువకులను ఎంపిక చేసి, ఉట్నూరు ఐటీడీఏ ద్వారా శిక్షణ ఇచ్చి, నెల జీతంతో అక్కడ నియమించండి. వచ్చినవాళ్లు దయతలచి ఇచ్చే చిల్లర మీద ఆధారపడే ఏర్పాటు వద్దు. గోండులతో పాటు కోలాం, తోటి, ప్రధాన్ తెగలవాళ్లు అందులో ఉండాలి. భీం పోరాటంలో కోలాంలు ఉన్నారని, పోయిన అడవి వాళ్లదీ అని మనం తరచూ మరిచిపోతాం. ఏ వస్తువు మ్యూజియంలో ఉండాలో, ఏ వాక్యం గోడ మీద ఉండాలో ఆ ఊళ్ల పటేళ్లు, పూజారులైన దేవారీలు, గోండు పెద్దల పంచాయతీలైన రాయి సెంటర్ల సార్మేడీలు కూర్చుని తేల్చే సంఘం ఒకటి ఉండాలి. అధికారి ఆ సంఘానికి సాయంగా ఉండాలి, పెత్తందారుగా కాదు.

రెండోది భాష. గోండి తెలుగుకు పరాయిది కాదు. భాషాశాస్త్రజ్ఞులు రెండింటినీ ద్రావిడ భాషల్లో ఒకే శాఖలో చేర్చారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండుల సొంత లిపిలో రాసిన చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసినవాళ్లు, ఆ ఊరి పెద్దలు కలిసి ఆ లిపిని మళ్లీ పిల్లల పలకల మీదికి తెచ్చారు. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఒక ఊరి ఇళ్లలో కాపాడుకున్న అక్షరాలు ఇప్పుడు ప్రపంచంలో ఏ కంప్యూటర్ మీదైనా రాయవచ్చు. ఆ అక్షరాలు పెద్దవిగా, ముందు వరుసలో కనబడవలసిన చోటు జోడేఘాట్ కాకపోతే మరేది? స్మారకం మీది ప్రతి వాక్యం ముందు గోండిలో ఉండాలి, పక్కన కోలామీలో, ఆ తర్వాత తెలుగులో, తక్కిన భాషల్లో. చదవలేనివాళ్ల కోసం వినే ఏర్పాటు ఉండాలి. అక్కడికి వచ్చే గోండు ముసలవ్వ తనవాళ్ల చరిత్రను పక్కవాళ్లు తెలుగులో చదివి చెబితే తప్ప తెలుసుకోలేని పరిస్థితి ఆ గుట్ట మీద ఎన్నడూ రాకూడదు.

గోండులకు చరిత్ర రాసి పెట్టుకునే అలవాటు కంటే పాడి పెట్టుకునే అలవాటు పాతది. వంశాల కథలు, దేవతల కథలు కిక్రి వాద్యం వాయిస్తూ ప్రధానులు, తోటీలు తరతరాలుగా పాడుతూ వచ్చారు. భీం కథ కూడా ముందు బతికింది నోటి మాటలోనే. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల ఆ నోటి మాట లేకపోతే లేదు. ఆ పాట తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ అందుకున్న మార్లవాయి కనకరాజు గారు 2024లో వెళ్లిపోయారు. వర్ధంతి నాడు మంత్రుల ప్రసంగాలకు ముందు అరగంట సేపు కిక్రికి ఇవ్వండి. మిగతా రోజుల్లో వారానికి ఒకసారైనా, సంత రోజో ఆదివారమో, పాడేవాళ్లను పిలిచి, గౌరవంగా పారితోషికమిచ్చి, పాడించి రికార్డు చేయించండి. రికార్డులు హైదరాబాద్‌లోని ఏ బీరువాకో చేరకుండా గుట్ట మీదే వినబడాలి.

ఇంకో మాట. హైమెండార్ఫ్ తీసిన వేలాది ఫొటోలు, రాసుకున్న కాగితాలు లండన్‌లో ఆయన పాఠాలు చెప్పిన స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. 1940ల నాటి గోండు గూడేలు, జాతరలు, మనుషులు అందులో ఉన్నారు. ప్రభుత్వం అడిగితే మంచి ప్రతులు తెప్పించవచ్చు. వాటిని జోడేఘాట్‌లో, మార్లవాయిలో పెడితే తాతను గుర్తుపట్టే మనవలు, అవ్వను గుర్తుపట్టే మనవరాళ్లు ఇంకా ఉన్నారు. పేర్లు లేని ఆ ఫొటోల కింద పేర్లు రాయగలిగే తరం దాటిపోక ముందే ఆ పని జరగాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు. ఒక ఉత్తరం, ఒక మనిషి, ఒక సంవత్సరం చాలు.

ఇక దర్బారు గురించి. ఇది రాయడానికి ముందు ఇంద్రవెల్లిని తలచుకోవాలి. జోడేఘాట్ నుంచి ఇంద్రవెల్లి ఎంతో దూరం కాదు. 1981 ఏప్రిల్ 20న, సంత రోజున, భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. పౌరహక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లని చెప్పాయి. 1983లో కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు, మరుసటి ఏడు మళ్లీ కట్టారు. చాలా ఏళ్లపాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ చనిపోయిన తమవాళ్లకు దండం పెట్టుకోవడానికి పోయే మనుషులకు కూడా ఆంక్షలే. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ఆ స్తూపం దగ్గర నివాళులర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. అది మంచి మార్పు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కానీ ఒక విషయం మీ ముందు పెట్టాలి. 1940లో అడిగిందీ భూమే, 1981లో అడిగిందీ భూమే. ఒక స్తూపానికి దండలు పడ్డాయి, ఇంకో స్తూపం చుట్టూ కాపలా నిలబడింది. రెండు చోట్లా అడిగింది ఒక్కటే అయినప్పుడు గౌరవమూ ఒక్కటిగానే ఉండాలి. ఈ రెంటినీ ఒకే కథగా చెప్పే ధైర్యం జోడేఘాట్ మ్యూజియానికి ఉండాలి. భీం కథను 1940తో ముగించి గోడ కట్టేస్తే ఆ తర్వాతి కన్నీళ్లకు చోటు ఉండదు. పట్టాలు దక్కినవాళ్ల సంతోషానికీ చోటు ఉండదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ ఆసిఫాబాద్‌లోనే మొదలై, రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా భూమికి పట్టాలు ఇచ్చారు. ఆ పట్టా ప్రతి ఒకటి కూడా మ్యూజియంలో ఉండాలి. పట్టా రాని మనిషి అర్జీ ప్రతి దాని పక్కనే ఉండాలి.

2025లో జరిగింది మీకు బాగా తెలుసు. పులుల రాకపోకల కోసమంటూ ఆ మే నెలాఖరులో ప్రభుత్వం జీవో 49 ఇచ్చి, కుమురం భీం పేరుతో జిల్లాలో దాదాపు పదిహేను వందల చదరపు కిలోమీటర్ల అడవిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. వందలాది ఊళ్లు దాని పరిధిలోకి వచ్చాయి. ఆదివాసీలు రోడ్డెక్కారు. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. పులి బతకాలి, కవాల్ నుంచి తడోబా దాకా దానికి దారి ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే రిజర్వు హద్దులు గీసిన రోజుల్లో తనవాళ్లను అడగలేదని ప్రాణం ఇచ్చిన మనిషి పేరు పెట్టి, ఆయన వారసుల గ్రామసభలను ముందుగా కూర్చోబెట్టకుండా హద్దు గీయడం ఎంత నొప్పి కలిగిస్తుందో జోడేఘాట్ ఎక్కి చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్లు కాదన్నది అడవిని కాపాడటాన్ని కాదు. తమను పక్కన పెట్టి కాపాడటాన్ని. జీవోను నిలిపివేసి ప్రభుత్వం విన్నానని చెప్పింది. వినడం ఆందోళన దాకా ఆగకుండా ఉండాలంటే ఏటా ఒక చోట, ఒక రోజున, తప్పకుండా వినే ఏర్పాటు ఉండాలి. దాని పేరే దర్బారు.

దర్బారులో అర్జీలు తీసుకోవడం సులువు. ఆ అర్జీలు ఏమయ్యాయో చెప్పడమే అరుదు. అర్జీ ఇచ్చినవాడు కెరమెరి మండలాఫీసుకు, ఆసిఫాబాద్ కలెక్టరేటుకు, ఉట్నూరు ఐటీడీఏకు తిరుగుతాడు. బస్సు ఛార్జీలు పెట్టుకుంటాడు, కూలీ పోగొట్టుకుంటాడు. భీం కచేరీల చుట్టూ తిరిగిన కాలానికీ ఇప్పటికీ ఎంత దూరం ఉందో మీరే కొలవండి. నేను కోరేది ఒక రిజిస్టరు. అర్జీ ఇచ్చిన వ్యక్తి, ఊరు, అడిగిన విషయం, చూడవలసిన అధికారి, ఏ తేదీలోపు, ఏం జరిగింది. పట్టా రాకపోతే ఎందుకు రాలేదో, సర్వే జరగకపోతే ఎప్పుడు జరుగుతుందో అందులో ఉండాలి. ఆ రిజిస్టరు ప్రతి ఒకటి స్మారకం దగ్గరే, ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉండాలి. గుట్ట ఎక్కిన యాత్రికుడు కూడా దాన్ని చదవవచ్చు. మ్యూజియంలోని పాత వస్తువుల కన్నా ఆ రిజిస్టరే భీంను బాగా చూపిస్తుందని నా నమ్మకం.

కాదనే అర్జీలు కూడా ఉంటాయి. ప్రతి అర్జీకీ సరే అనమని అడగడం లేదు. కాదంటే కాదని, ఎందుకు కాదో, ఆ మనిషి భాషలో, ఆ మనిషి ముఖం చూసి చెప్పమంటున్నాను.

ఈ ఉత్తరం చదివే తోటి యాత్రికులకూ నాలుగు మాటలు. జోడేఘాట్ తప్పకుండా వెళ్లండి, పిల్లలను తీసుకెళ్లండి. వానాకాలం వెళ్లాక గుట్టలు చాలా అందంగా ఉంటాయి, ఆ అందాన్ని చూడటం తప్పేమీ కాదు. విగ్రహం దగ్గర పెద్ద శబ్దంతో పాటలు పెట్టకండి, అది గోండులు పూజ చేసే చోటు. మనుషులను ఫొటో తీసే ముందు అడగండి, వద్దంటే ఆగండి. ఒక గంట ఎక్కువ ఉండి పక్క ఊళ్లో నడవండి, ఎవరైనా పలకరిస్తే కూర్చుని వినండి. ఆ పౌర్ణమి దాటాక దండారీ పండుగ సందడి మొదలై దీపావళి దాకా ఊరూరా గుస్సాడీలు ఆడతారు. పిలిస్తే వెళ్లండి, పిలవకపోతే దూరం నుంచే చూడండి. సీతాఫలాలు కొంటే బేరమాడకండి.

మంత్రి గారూ, మళ్లీ మీ దగ్గరికే వస్తాను. వచ్చే ఆశ్వయుజ పౌర్ణమికి మీరు జోడేఘాట్ ఎక్కేటప్పుడు క్రితం ఏడు తీసుకున్న అర్జీల కట్ట వెంట తెచ్చుకోండి. మీ ప్రసంగానికి ముందు వాటిని తెరవండి. మొదటి అర్జీ ఏ ఊరిదైతే ఆ ఊరి పటేల్‌ను ముందుకు పిలిచి అర్జీ ఆయన చేతే చదివించండి. జవాబు మీరు చెప్పండి. దాన్ని గోండిలోకి, కోలామీలోకి మార్చి చెప్పడానికి అక్కడే పిల్లలున్నారు. సాయంత్రం కావచ్చు, రాత్రి కూడా కావచ్చు, అన్నీ చదివేదాకా ఉండండి.

నమస్కారాలతో,
మంచిర్యాల జిల్లా నుంచి జోడేఘాట్ యాత్రికుడు